డి తక్కువ, అంతే

సికింద్రాబాద్‌లో ఎండకు కరువుందని ఎవరైనా అంటే, ఆ మనిషిని మే నెలలో మధ్యాహ్నం రెండింటికి తెచ్చి మా మెట్టుగూడ రోడ్డు మీద పది నిమిషాలు నిలబెడతాను. ఇక నోరెత్తడు. అలాంటి ఊళ్లో పుట్టి పెరిగిన నా ఒంట్లో, ఎండ వల్ల ఊరికే రావలసిన విటమిన్ లేదని కాగితం మీద అచ్చు వేసి ఇచ్చారు. విన్నవాళ్లంతా నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

మండదా మరి? ఊహ తెలిసినప్పటి నుంచి నన్ను ఎండలోకి పోవద్దన్నది ఈ ఊరి జనమే కదా. మేడ మీద బట్టలు ఆరేయడానికి అమ్మ తను వెళ్లేది తప్ప నన్ను పంపేది కాదు. నేను నల్లబడితే సంబంధాలు రావని ఆమె భయం. పెళ్లిచూపులకు ముందు రెండు నెలలు మధ్యాహ్నం పూట గడప దాటనివ్వలేదు. పెళ్లయ్యాక స్కూటీ మీద బడికి వెళ్లేటప్పుడు ముఖానికి చున్నీ, మోచేతులు దాటే తొడుగులు, కాళ్లకు సాక్సులు. ఏ సిగ్నల్ దగ్గరైనా చూడండి, మాలాంటి ఆడవాళ్లు వరసగా ఆగి ఉంటారు, కళ్లు తప్ప ఏమీ కనిపించవు. ఇన్నేళ్లు ఇలా మూటగట్టి, ఇప్పుడు రిపోర్టు చేతిలో పెట్టి ఎండలో కూర్చోమంటారు. ఎక్కడ కూర్చోవాలి? మేడ మీద కూర్చుంటే చుట్టూ నాలుగు బిల్డింగుల కిటికీలు తెరుచుకుంటాయి. బడి ఆవరణలో కూర్చుంటే పాఠం ఎవరు చెప్తారు?

సరే, నా అసలు కోపం ఎండ మీద కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగోదాని మీద. ఆ ఒక్క అక్షరం నన్ను ఆస్పత్రి మంచం ఎక్కించింది. అందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి మిగతావాళ్లను తిట్టడం నాకు చేతకాదు కాబట్టి మొత్తం చెప్తాను.

అప్పటికి నాకు పెళ్లయి మూడేళ్లు. ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. నెలసరి నాకు చిన్నప్పటి నుంచీ సరిగా రాదు. రెండు నెలలకోసారి, ఒక్కోసారి మూడు నెలలకు. గడ్డం కింద వెంట్రుకలు మొలిచేవి, ప్రతి శనివారం తలుపేసుకుని పీకేసుకునేదాన్ని. తిన్నా తినకపోయినా బరువు పెరిగేది. ఇవేవీ ఎవరూ అడగరు. అడిగేది ఒకటే. మెట్ల మీద ఎదురైనా, కొట్టు దగ్గర కనబడినా, పెళ్లిలో పక్కన కూర్చున్నా, పొట్ట వంక ఒక చూపు చూసి విశేషమేమైనా ఉందా అని. నా ఒంట్లో ఏముందో అడగని మనుషులకు నా పొట్టలో ఏముందో కావాలి. ఇప్పటికీ ఆ మాట వింటే నాకు పళ్లు పటపటమంటాయి.

చివరికి నేనూ మా ఆయనా ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. నేను ముందురోజే కూర్చుని ఏడు ప్రశ్నలు చీటీ మీద రాసుకున్నాను. ఇది ఎందుకొచ్చింది, తగ్గుతుందా, పిల్లలు పుడతారా, ఇలాంటివే. గంటన్నర బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల ఆమె స్కాన్ వంక చూసింది, రక్తం రిపోర్టు వంక చూసింది, పీసీఓడీ అంది, చాలామందికి ఉంటుంది అంది. బరువు తగ్గాలి, నడవాలి, విటమిన్ డి కూడా తక్కువగా ఉంది అంటూ మందులు రాసేసి బల్ల మీది బెల్లు నొక్కింది. ఆ బెల్లు తరవాతి పేషెంటు కోసం. నా చీటీ నా గుప్పిట్లోనే ఉండిపోయింది. ఆమె ముఖం వంక చూసి ఏమీ అనలేక లేచి వచ్చాను, ఆ పిరికితనానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

రాసిన మందుల్లో ఒకటి డి విటమిన్ పొడి ప్యాకెట్. వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. ఆదివారం పొద్దున పాలలో కలుపుకుని తాగమన్నారు.

ఇప్పుడు మా అత్తమ్మ గురించి చెప్పాలి. మామయ్య పోయాక ఆమె మాతోనే ఉంటోంది. టీవీ సీరియళ్లలో అత్తలా ఉండదు. నేను బడి నుంచి వచ్చేసరికి చాయ్ పొయ్యి మీద ఉంటుంది. చేపలు వండితే నడిమి ముక్క నా పళ్లెంలోనే పడుతుంది. మా ఆయన బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో ఒక కమీషన్ కొట్టులో పనిచేస్తాడు, తెల్లవారకముందే వెళ్లిపోతాడు. కాబట్టి పొద్దున్నే ఇంట్లో మేమిద్దరమే. ఆమె పాలు కాచి గ్లాసులో పోసి, ఇలాచీ వేసి, బడికి వెళ్లేలోపు నా చేత తాగించేది. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన అలవాటది.

డాక్టరు దగ్గర నుంచి వచ్చిన సాయంత్రం ఆమె గుమ్మంలోనే అడిగింది, ఏమన్నదని. మా ఆయన అక్కడే చెప్పులు విప్పుతున్నాడు. పక్కింటి తలుపు తెరిచే ఉంది. నేనేం చెప్పాలి? అండాశయం అనాలా? నెలసరి అనాలా? ముప్పై మంది పిల్లల ముందు నిలబడి గొంతు చించుకుని లెక్కలు చెప్పేదాన్ని, నా ఒంట్లో ఉన్న అవయవం పేరు ఇంట్లో పలకడానికి నాలుక తిరగలేదు.

"డి తక్కువ ఉన్నదంట అత్తమ్మా, అంతే" అన్నాను.

ఆమె వదల్లేదు. తన కూతురు, అంటే నేరేడ్‌మెట్‌లో ఉండే మా ఆడపడుచు, అప్పటికే మా ఆయన నోట విని ఫోనులో పీసీఓడీ అనే మాట చెప్పిందట. మరి అదేందని అడిగింది. అదీ ఇదీ ఒకటే అన్నాను. అత్తమ్మ ఆ మాటను నోట్లోనే రెండుసార్లు తిప్పి చూసుకుంది. పీసీఓ, డీ. ఆమె ముఖం తేటపడింది. జబ్బు పేరులోనే డి ఉంది. ఆ డి తక్కువైంది, కాబట్టి పిల్లలు పుట్టట్లేదు. ఆ డి నింపితే పుడతారు. ఇంతకంటే తేలిక లెక్క ఉంటుందా? ఆ లెక్క తప్పని చెప్పవలసింది నేను. చెప్పలేదు.

చెప్పకపోగా సంతోషించాను కూడా. ఎందుకంటే మర్నాటికల్లా అత్తమ్మ మా గల్లీ అంతా చెప్పేసింది, కోడలికి డి తక్కువ అని. అది మర్యాదైన జబ్బు. బీపీ, షుగర్ లాగా నలుగురిలో అనుకోదగ్గది. గుడి క్యూలో నిలబడి చెప్పుకోవచ్చు. అప్పటి నుంచి విశేషమా అని అడిగేవాళ్లు డి ఎంతయిందని అడగడం షురూ చేశారు. నాకు కాస్త ఊపిరి ఆడింది.

అత్తమ్మ ఏం చేసిందో నాకు తెలిసింది చాలా తరవాత. మీకు ఇప్పుడే చెప్తాను. వారానికి ఒక్కటే ప్యాకెట్ అన్నది ఆమెకు నచ్చలేదు. ఇంత తక్కువున్నదాన్ని అంత పిసినారితనంగా నింపితే ఎప్పుడు నిండుతుంది? డాక్టర్లు మళ్లీ మళ్లీ తిప్పించుకోవడానికే కొంచెం కొంచెంగా రాస్తారని ఆమె గట్టి నమ్మకం. అందుకని ఖాళీ ప్యాకెట్ ఒకటి పట్టుకుని మందుల షాపుకు వెళ్లింది. షాపతను డాక్టరు చీటీ అడగలేదు, ఎవరికని అడగలేదు, ఎన్ని రోజులకని అడగలేదు. బాక్సే ఇచ్చాడు. రోజూ వేసుకోవచ్చా అని ఆమె అడిగిందట కూడా. విటమినే కదా, ఏం కాదన్నాడట. అగ్గిపెట్టె అమ్మినంత తేలిగ్గా అమ్మాడు. ఆ బాక్సు అయిపోతే ఇంకోటి, అదీ అయిపోతే ఇంకోటి.

రోజూ పొద్దున నా పాలలో ఇలాచీతో పాటు ఒక ప్యాకెట్ కలిసేది. ఆదివారం మాత్రం కలిపేది కాదట, ఆ రోజు నాది నేను వేసుకుంటానని. అంత నియమంగా చేసింది. పాలు కొంచెం తియ్యగా ఉన్నాయని నేను అనుకున్నాను తప్ప అడగలేదు.

నెలన్నర గడిచేసరికి నాకు దాహం మొదలైంది. బడికి తీసుకెళ్లే లీటరు సీసా రెండో పీరియడుకే ఖాళీ. నీళ్లు తాగడం, బాత్రూముకు పరిగెత్తడం. మా బడిలో టీచర్లందరికీ కలిపి ఒకటే బాత్రూము, దాని తాళంచెవి నా దగ్గరే ఉంచుకో అని తోటివాళ్లు ఆట పట్టించేవాళ్లు. తరవాత ఆకలి చచ్చిపోయింది. ఉప్మా వాసనకు కడుపులో తిప్పేది. ఒకరోజు పొద్దున వాష్‌బేసిన్ పట్టుకుని వాంతి చేసుకున్నాను. తలెత్తి అద్దంలో చూస్తే వెనక అత్తమ్మ నిలబడి ఉంది. ఆమె కళ్లలో నీళ్లు. సంతోషంతో.

నెలసరి వచ్చి అప్పటికి రెండు నెలలు దాటింది. నాకది మామూలే. కానీ వాంతులు, నెల తప్పడం, రెండూ కలిస్తే మా వైపు ఇంకో అర్థం లేదు. టెస్టు కిట్ తెచ్చుకుని చూసుకున్నాను. ఒక్క గీతే వచ్చింది. అత్తమ్మకు చూపించి, రెండు రావాలి అని చెప్పాను. ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒకటొచ్చింది గదా బిడ్డా. రెండోది వెనక వస్తది, జెర ఆగు" అంది.

ఇప్పుడు నవ్వొస్తుంది కానీ ఆ రోజు నేను నవ్వలేదు. లెక్కలు చెప్పేదాన్ని, ఒకటికీ రెండుకూ తేడా తెలియక కాదు. నమ్మాలనిపించింది, నమ్మాను. రెండోసారి కిట్ కొని చూసుకుని, మళ్లీ ఒక్క గీతే వస్తే, దాన్ని కాగితంలో చుట్టి బడి చెత్తబుట్టలో పడేశాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆయన మార్కెట్ నుంచి సంచీ నిండా మామిడికాయలు తెచ్చాడు. ఆడపడుచు ఫోన్ చేసి స్కూటీ ఎక్కొద్దంది. ఆ ఇంట్లో మూడేళ్లలో ఎన్నడూ లేని సంతోషం. దాన్ని చెడగొట్టే ధైర్యం నాకు లేకపోయింది.

ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. అత్తమ్మ వద్దంది. మూడో నెల పడేదాకా బయటపెట్టకూడదు, ఆస్పత్రుల చుట్టూ తిరగకూడదు, దిష్టి తగులుతుంది. బయటపెట్టకూడదన్న మనిషి గల్లీలో అందరికీ చెవిలో చెప్పనే చెప్పింది, అది వేరే సంగతి. వద్దనగానే నేను కూడా సరేనన్నాను. డాక్టరు లేదంటే ఏం చేయాలో నాకు తెలియదు కాబట్టి. కడుపులో బిడ్డకు బలం కావాలని ఆమె సాయంత్రం కూడా పాలివ్వడం మొదలుపెట్టింది. అందులోనూ ఒక ప్యాకెట్.

ఆ తరవాత రెండు వారాలు నాకు సరిగా గుర్తులేవు. ఎప్పుడూ నిద్ర, కాళ్లలో సత్తువ లేదు, చెప్పిందే చెప్పేదాన్నట. ఒక బుధవారం బోర్డు మీద చిన్న సమీకరణం రాశాను. ఎక్స్‌కు రెండు కలిపితే తొమ్మిది. కళ్లు మూసుకుని చేసే లెక్క. చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను, ఏం చేయాలో తెలియలేదు. పిల్లలు మొదట నవ్వారు, తరవాత ఆపేశారు. ముందు బెంచీ పిల్ల ఏడు మేడమ్ అంది మెల్లగా. ఏడు అంటే ఏమిటో కూడా నాకు అర్థం కాలేదు. తరవాత తెలిసిందల్లా ఆటోలో సైన్సు టీచరు నన్ను పట్టుకుని కూర్చోవడమే.

ఆస్పత్రిలో ఒక కుర్ర డాక్టరు నా మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్నాడు అని ప్రత్యేకంగా ఎందుకు చెప్తున్నానంటే, అప్పటిదాకా నా విషయంలో ఏ డాక్టరూ ఆ పని చేయలేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి నోట్లో ఏమేం పోతుందో, పాలూ చాయ్‌తో సహా చెప్పమన్నాడు. చెప్పాను. గర్భవతినని కూడా చెప్పాను. రక్తం తీసుకెళ్లారు. సాయంత్రానికి రిపోర్టులు వచ్చాయి. ఒంట్లో కాల్షియం ఉండవలసిన దానికంటే బాగా ఎక్కువగా ఉంది, కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది. డి విటమిన్ ఎంతుందో వాళ్ల మిషను కొలవలేకపోయింది, దాని హద్దు దాటిపోయింది. గర్భం లేదన్నాడు. ఎప్పుడూ లేదన్నాడు.

ఆ మాట పక్కన పెట్టండి, నేను అప్పుడు పక్కన పెట్టేశాను. పొడి రోజూ వేసుకుంటున్నారా అని అతను అడిగితే నాకు రోషం పొడుచుకొచ్చింది. వారానికి ఒకటే వేసుకున్నాను, అది కూడా రెండు వారాల కిందటే అయిపోయింది, నేను లెక్కల టీచర్ని అన్నాను. మా ఆయన కూడా నాకే వత్తాసు పలికాడు. ల్యాబు తప్పు చేసిందేమో, ఇంకో చోట చేయిద్దామన్నాడు.

మంచం కాళ్ల దగ్గర నిలబడిన అత్తమ్మ అప్పుడు నోరు విప్పింది.

"డి ఎక్కువైందా సారూ? మంచిదే గదా మరి. తక్కువున్నది నిండింది."

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. గొంతు పెంచకుండా ఒక్కొక్కటే అడిగాడు. ఆమె మొదట గర్వంగానే చెప్పింది. ఎక్కడ కొన్నది, ఎన్ని బాక్సులు, పొద్దున ఒకటి, ఈ మధ్య సాయంత్రం కూడా ఒకటి. చెప్తూ చెప్తూ అతని ముఖం చూసి మెల్లగా గొంతు తగ్గించింది. ఆ విటమిన్ ఎక్కువైతే ఒంట్లోంచి బయటికి పోదని, కొవ్వులో దాక్కుంటుందని, ఇంకో పది రోజులు ఇలాగే పోసి ఉంటే కిడ్నీలు దక్కేవి కావేమోనని అతను చెప్పాడు. ఆమె తన చెయ్యి తను చూసుకుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒంట్లో శక్తి లేకపోయినా నోరు పనిచేసింది.

"నన్ను సంపుదామనుకున్నవా అత్తమ్మా?"

అనకూడని మాట అని అనేటప్పుడే తెలుసు. ఆమె ఏడవలేదు. గోడకు చేరబడి నిలబడింది. నా వైపు చూసి మెల్లగా అంది.

"నువ్వే చెప్తివి గదా బిడ్డా, డి తక్కువ ఉన్నది, అంతే అని."

అప్పటిదాకా తప్పు డాక్టరుదా, షాపతనిదా, అత్తమ్మదా అని నేను వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాను. అందరికీ వాటా ఉంది, లేదనను. రెండు నిమిషాలు ఎక్కువ కూర్చోబెట్టి చెప్పని ఆ డాక్టరమ్మ మీద నా కోపం చచ్చేదాకా పోదు. కానీ ఆ మాట పుట్టింది నా నోట్లో. సిగ్గుకు పుట్టింది.

ఆరు రోజులు సెలైన్ ఎక్కించారు. పాలు, పెరుగు బంద్. మూడో రోజు మధ్యాహ్నం అత్తమ్మ నా పక్కన కూర్చుని, డి కాకపోతే మరి నీ జబ్బేందని అడిగింది. చెప్పాను. ఈసారి అన్నీ చెప్పాను. అండాశయాలు రెండుంటాయని, నెలకో గుడ్డు పెరిగి విడుదల కావాలని, నాలో అవి మధ్యలో ఆగిపోయి చిన్న చిన్న నీటిబుడగల్లా ఉండిపోతాయని, అందుకే నెలసరి రాదని, అందుకే గడ్డం మీద వెంట్రుకలని. డి తక్కువుండటం వేరని, ఈ జబ్బున్న చాలామందిలో అదీ తక్కువుంటుందని, కానీ అది నింపినంత మాత్రాన ఇది పోదని. ఆ పేరు చివర ఉన్న డి విటమిన్ కాదని, ఇంగ్లీషులో జబ్బు అనే మాటకు మొదటి అక్షరమని. ఇవన్నీ నేను ఆ కుర్ర డాక్టర్ని అడిగి తెలుసుకున్నవే, ఆ ఏడు ప్రశ్నలూ అడిగాను. అత్తమ్మ పక్క మంచం వైపు చూసి, మెల్లగా చెప్పు, వాళ్లు వింటున్నరు అంది. విననీ అని ఇంకాస్త గట్టిగా చెప్పాను. పక్క మంచం ఆమె నిజంగానే వింది, చాలా శ్రద్ధగా.

డిశ్చార్జి రోజు ఆడపడుచు నేరేడ్‌మెట్ నుంచి వచ్చింది. మంచిదే, పళ్లు తెచ్చింది, ఏడ్చింది. తరవాత తలుపు దగ్గరగా వేసి ఒక సలహా చెప్పింది. గల్లీలో అందరికీ కడుపని తెలిసిపోయింది, ఇప్పుడు లేదంటే నవ్వుతారు, అందుకని పోయిందని చెప్దాం అంది. నాకు అర్థం కాలేదనుకుని విడమరిచింది.

"నిలవలే అని చెప్పు వదినా. ఒకసారి నిలిచి పోయిందంటే, మల్ల నిలుస్తదని అనుకుంటరు. అసలే రాలేదంటే గొడ్రాలంటరు."

నేను ఆమెను కొట్టలేదు, అంతే. లేని బిడ్డను ఉందన్నారు. ఇప్పుడు దాన్ని చంపి, నన్ను ఏడవమంటున్నారు. నా ఒళ్లు ఒక అబద్ధానికి ఆస్పత్రి పాలైంది చాలదని ఇంకో అబద్ధం కావాలట, గల్లీవాళ్ల కోసం. నేను చెప్పనంటే చెప్పనన్నాను. మా ఆయన ఫోనులో ఏదో చూసుకుంటూ ఉండిపోయాడు, అతని మీద కూడా మండింది. అత్తమ్మ బట్టలు సంచీలో సర్దుతూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె కూతురి పక్షమేననుకున్నాను.

ఇంటికి వచ్చిన మర్నాడు గల్లీలోని ఆడవాళ్లు నలుగురు వచ్చారు. అరటిపళ్లు, బ్రెడ్డు ప్యాకెట్లు. మంచం చుట్టూ కూర్చున్నారు. ఆడపడుచు అప్పటికే ఎవరికో ఫోన్ చేసి చెప్పేసిందని వాళ్ల ముఖాలు చూస్తేనే తెలిసింది. పెద్దావిడ ఒకామె నా తల నిమిరి, పరేషాన్ కాకు తల్లీ, ఒకసారి నిలిచిందంటే మళ్లీ నిలుస్తుంది అంది. నేను నోరు తెరిచాను. నాకంటే ముందు అత్తమ్మ మాట్లాడింది, చాయ్ గ్లాసుల పళ్లెం చేతిలో పట్టుకునే.

"నిలిచింది లేదు, పోయింది లేదు. కడుపే రాలేదు. డి పొడి రోజు పాలల్ల కలిపి నేనే పోసిన. గదే దీని పానం మీదికొచ్చింది."

ఆమె పళ్లెం కింద పెట్టి, ఒక్కొక్కరికీ గ్లాసు అందించింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆస్పత్రిలో కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. పెద్దావిడ గ్లాసు తీసుకుని, మరి అసలు జబ్బేందని నన్నడిగింది. చెప్పాను. అత్తమ్మకు చెప్పినట్టే, అవే మాటలతో. ఒకామె చీర కొంగు సర్దుకుంది, ఇంకొకామె గోడమీది క్యాలెండర్ చూసింది. అయినా చివరిదాకా చెప్పాను.

నాలుగో ఆమె ఇంట్లో కూర్చుని బ్లౌజులు కుడుతుంది, మా వెనక బిల్డింగే. నేను చెప్పడం అయిపోయేసరికి ఆమె ముఖం పాలిపోయింది. చాయ్ ముట్టుకోలేదు. మా అత్తమ్మ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నువ్వే గదా నాకు చెప్పినవ్. మా పిల్లకు సుత నెలలు సక్కగ వస్తలేవని, దానికి సుత డి తక్కువనే అనుకున్న. రోజు ఒకటి పోస్తున్న."

ఎన్నాళ్ల నుంచని అడిగాను. నెల దాటిందంది. పిల్ల పదో తరగతి. నీళ్లు బాగా తాగుతోందా అంటే, బగ్గ తాగుతున్నది, ఎండలకేమో అనుకున్న అంది. ఆ చీటీ లేని అమ్మకం ఇంకెన్ని ఇళ్లకు పోయిందో నాకు ఆ క్షణంలో తట్టింది. అత్తమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. నన్ను పడుకోమన్నారు. పడుకోలేదు.

పిల్లను బడి నుంచే ఎక్కించుకుని, ఆటోలో నలుగురం అదే ఆస్పత్రికి వెళ్లాం. యూనిఫారంలో, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఏమైందో అర్థంకాక మా ముఖాలు చూస్తూ. దారంతా తల్లి ఏడుస్తూనే ఉంది. ఏడుస్తూనే మధ్యలో నా చెవిలో అడిగింది, డాక్టరుకు ఏమని చెప్పాలె, ఆయన మొగాయన గదా అని.

ఆ కుర్ర డాక్టరే ఉన్నాడు. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏంటమ్మా ఇబ్బంది అని ఆమెనే అడిగాడు. పిల్ల తన తల్లి వంక చూసింది. తల్లి కొంగుతో ముఖం తుడుచుకుని, చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఏం లేదు సారూ. డి తక్కువుండె, అంతే."

నేను అనేలోపే మా అత్తమ్మ వెనకనుంచి ముందుకొచ్చి, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

"డి గాదు. పిల్లకు నెలలు సక్కగ వస్తలేవు, డి తక్కువని రోజు పొడి పోసిండ్రు. గట్లనే చెప్పు బిడ్డా, సారుకు ఇనపడేటట్టు చెప్పు."